మోచెయ్యి ఆనే చోటు

"మీ బావ సెవులు పోతన్నాయిరా తమ్ముడూ. ఆ లారీ నోరు నువ్వే మూయించాల."

ఫ్లోరెన్స్ ఈ మాట అన్నది కాశీబుగ్గలో, తమ్ముడు సైమన్ లారీ సీట్లు కుట్టే దుకాణం ముందు, జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి ఇంటికి పోతూ పోతూ. చేతివేళ్ళు జీడి నూనెకి నల్లగా మాడిపోయి ఉన్నాయి. ఆ వేళ్ళతోనే చీర కొంగు తిప్పుకుంటూ నిలబడింది. తమ్ముడు కుట్టుమిషను ఆపేదాకా కదల్లేదు.

"సెవులు పోతన్నాయని ఎవులు సెప్పారప్పా?"

"టెక్కలి ఎల్లి డాక్టరునడిగొచ్చాను."

"బావనట్టుకెల్లేవా?"

"ఆయనొత్తాడా. నానొక్కదాన్నే ఎల్లాను. మా ఆయనిలాగ, ఎనక నుంచి పిలిత్తే పలకడు, అన్నం ఏళకి కంచం మీద గరిటెట్టి మోగించినా తిరగడు అని సెప్పాను. ఏటి పని అన్నారు. లారీ డ్రైవరు, ఇరవయ్యేళ్ళయిందన్నాను. ఆ సప్పుడు తగ్గించండి, లేకపోతే ఉన్నది కూడా ఉండదన్నారు."

రోగిని ఇంట్లో వదిలేసి వైద్యానికి వెళ్ళొచ్చిన మనిషిని చూసి సైమన్‌కి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. అప్ప కళ్ళు నవ్వేలా లేవు. బావ దేవరాజు ఎందుకు వెళ్ళలేదో ఇద్దరికీ తెలుసు. డ్రైవరు చెవుల డాక్టరు దగ్గర కూర్చుంటే ఆ మాట సాయంత్రానికల్లా పలాస లారీ స్టాండుకి చేరుతుంది. చెవిటివాడికి బండిచ్చే ఓనరు ఈ జిల్లాలో లేడు.

దేవరాజు నడిపేది జగదీశ్వరరావు గారి లారీ. ఉద్దానం కొబ్బరికాయలు జలంత్రకోటలో ఎత్తి ఒరిస్సా కటకం మీదుగా ఉత్తరాదికి తోలడం పని. చట్రం ఫ్యాక్టరీది, క్యాబిన్ ఇక్కడి వడ్రంగులు కట్టినది. చెక్క ఫ్రేము, మీద పల్చటి రేకు. ఇంజను డ్రైవరు పక్కనే, బానెట్ కింద, మోకాలికి తగిలేంత దగ్గర. నాలుగు లైన్ల రోడ్డు కోసం దారంతా తవ్వి పారేసిన రోజులవి. ఆ గోతుల్లో పడి లేస్తుంటే, లోపల కూర్చున్న మనిషి డబ్బాలో పోసిన జీడిపిక్కలాగ ఉండేవాడు.

ఆ నెలలోనే ఇంజను పని పడి లారీ పది రోజులు షెడ్డుకొచ్చింది. మెకానిక్కు ఇంజను దించుకుంటుంటే సైమన్ క్యాబిన్‌లోకి ఎక్కాడు.

సీట్లు కుట్టడం తప్ప ఈ పని ఎన్నడూ చేసినవాడు కాదు. అయితే అతనికి చెవి ఉంది. ఆదివారం బాప్టిస్టు గుడిలో డోలక్ వాయించేది అతనే. డోలక్ ఎడమ మూతకి లోపల నల్లటి జిగురు మసాలా పూస్తారు. ఆ కాస్త బరువు అంటుకుంటే తోలు గణగణమనడం మానేసి బొంగురుగా, లోతుగా పలుకుతుంది. రేకు మాత్రం వేరే జాతా, దానికీ ఏదో ఒకటి అంటిస్తే నోరు మూస్తుందనుకున్నాడు.

ఏది అంటించాలన్నదే తేలలేదు. అడుగున్నర పలకలుగా రేకు ముక్కలు ఆరు కోయించి, ఒక్కో దానికి ఒక్కో రకం అంటించి, దుకాణం దూలానికి దారాలతో వేలాడదీశాడు. ఒకదానికి సీటు ఫోము, ఒకదానికి గోనెపట్టా, ఒకదానికి ఇంటి కప్పుకి వేసే తారు షీటు, ఇంకోదానికి రబ్బరు పాలు పోసి గట్టిపరిచిన కొబ్బరిపీచు. అయిదోది పాత కన్వేయరు బెల్టు ముక్క. ఆరోది తన సొంత వంటకం. బారువలో పడవల చెక్కకి పూసే జీడి నూనె తెచ్చి, తారుతో కలిపి ఉడికించి, అందులో పీచుపొట్టు వేసి ముద్ద చేశాడు. చెయ్యి పొక్కింది. ఇల్లంతా కంపు కొట్టింది.

పావు అంగుళం స్పానరుతో ఒక్కోదాన్నీ కొడుతూ కళ్ళు మూసుకుని వినేవాడు. దారిన పోయేవాళ్ళు అదేదో కొత్త పూజ అనుకున్నారు. ఫోము ముక్క టంగుమని చాలాసేపు లాగింది. మెత్తగా ఉన్నంత మాత్రాన చప్పుడు చావదని అప్పుడు తెలిసింది. గోనె అంతకంటే దండగ. తారు షీటు మంచిదే, ఎండకి కరిగి జారిపోయింది. కొబ్బరిపీచు రేకుని ఆపలేదు గానీ ఆ పక్క నుంచి వచ్చే హోరుని మింగింది. జీడి నూనె ముద్ద ఎండాక కొడితే, ఆ రేకు డబ్ అని ఒక్క మాట అని ఊరుకుంది. తడిమట్టిని కొట్టినట్టు.

అయితే బానెట్ వేడికి ఆ ముద్ద పొగలు కక్కి కళ్ళు మండిస్తుంది. అందుకని బానెట్ మీద ఫెల్టు రెండు పొరలు, పైన రెక్సిను. కాళ్ళ కింద కన్వేయరు బెల్టు. పైకప్పుకీ వెనక గోడకీ కొబ్బరిపీచు. రెండు డోర్లలోపలా ముద్ద. ఇలా తేల్చుకున్నాడు.

డోర్ల పని మొదలెట్టినప్పుడు చూశాడు. డ్రైవరు వైపు డోరు రేకు మీద, కిటికీకి జానెడు కింద, అరచేతి వెడల్పున పదీ పదిహేను సొట్టలు. అన్నీ ఒక్కచోటే. లోపలి నుంచి చెక్కసుత్తితో కొట్టి ఆ చోటంతా నున్నగా చేశాడు.

అప్పుడే క్లీనరు కూర్మయ్య వచ్చాడు. క్లీనరంటే కుర్రాడు కాదు, యాభై అయిదు దాటిన మనిషి. ఒకప్పుడు డ్రైవరే. కంటిలో పువ్వు పడ్డాక స్టీరింగు వదిలి, దేవరాజు దగ్గర ఎడమవైపు సీట్లోకి జరిగాడు.

"ఆ డోరు ఒగ్గీరా నాయినా," అన్నాడు.

"ఎందుకు తాతా?"

"దానికేటి రోగం. సప్పుడంతా ఇంజనుది గాని."

"సప్పుడు ఇంజనుది. మోగేది రేకు. నీకు తెల్దులే."

కూర్మయ్య ఇంకేదో అనబోయి, బీడీ వెలిగించుకుని అవతలికి పోయాడు. ముసలోడికి కొత్తదేదీ గిట్టదనుకుని సైమన్ ముద్ద దట్టంగా పూశాడు. పూసి, పైన పీచు పరిచి, మెరూన్ రెక్సినుతో అంచులు బిగించాడు. డ్రైవరు చెయ్యి ఆనుకునే చోట ఫోము కూడా పెట్టాడు, బావకి మెత్తగా ఉంటుందని.

ఇంజను ఎక్కించాక టెక్కలి దాకా వెళ్ళొచ్చారు. సైమన్ బానెట్ మీద స్టీలు గ్లాసుతో నిండా నీళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. ఇదివరకు ఆ బానెట్ మీద బీడీ కట్ట నిలిచేది కాదు. ఇప్పుడు నీళ్ళ మీద సన్నటి వణుకు తప్ప చుక్క బయట పడలేదు. గేరు మార్చినప్పుడు లివరు చేసే కిర్రు వినిపించింది. కూర్మయ్య దగ్గు వినిపించింది. సైమన్‌కి గుండె నిండిపోయింది.

"ఎలాగుంది బావా?"

దేవరాజు రోడ్డు చూస్తున్నాడు. సైమన్ భుజం తట్టి మళ్ళీ అడిగాడు.

"బాగుంది బాగుంది," అన్నాడు, గోతుల్లో బండి మోత మీద అరిచేంత గొంతుతో. కాసేపాగి, "ఒరే, ఈలలాగున ఒకటి వత్తంది. సన్నగా. అదొక్కటీ ఎక్కడిదో సూడు," అన్నాడు.

సైమన్ చెవి ఒగ్గి విన్నాడు. ఏమీ లేదు. గాలి దూరే సందేమో అనుకుని, తర్వాత రెండు రోజులు అద్దాల రబ్బర్లు మార్చాడు, డాష్‌బోర్డు కింద రంధ్రాలన్నీ మూశాడు, చివరకి తాళంచెవి దూరే కన్నంలో కూడా మైనం కుక్కాడు.

"పోయిందా బావా?"

"నేదు. ఇంకా గట్టిగా వత్తంది."

"బండి ఆపేసున్నప్పుడా?"

"ఆపేసున్నప్పుడే ఎక్కువ."

ఆగిన బండిలో ఈల ఎక్కడినుంచి వస్తుందని సైమన్ అప్పుడైనా ఆలోచించాల్సింది. తన పనిలో లోపం వెతుక్కునేవాడికి మనిషి కనపడడు. రబ్బరు ఇంకో వరస వేస్తే పోతుందన్నాడు.

నాలుగో రోజు జలంత్రకోటలో ప్రమాదం జరిగింది.

కొబ్బరికాయల పాక ముందుకి లారీ రివర్సులో వెళ్ళాలి. మామూలుగా ఏ క్లీనర్లయినా బండి వెనక నిలబడి బాడీ చెక్క మీద కొడతారు. రెండు దెబ్బలైతే రానీ, ఒక దెబ్బయితే ఆగు. కూర్మయ్య మాత్రం ఎప్పుడూ డ్రైవరు డోరు పక్కనే నడుస్తూ, వెనక్కి తిరిగి చూస్తూ, చేతిలో ఇనపముక్కతో డోరు రేకు మీద కొట్టేవాడు. వెనక నిలబడితే చస్తానని ముసలోడికి భయం అని స్టాండులో నవ్వుకునేవాళ్ళు. ఆ రోజూ అలాగే కొట్టాడు. రెండు కొట్టాడు, బండి కదిలింది. పాక దగ్గరపడగానే ఒకటి కొట్టాడు. ఆగలేదు. మళ్ళీ కొట్టాడు, అరిచాడు, ముందుకు పరిగెత్తి చేతులూపాడు. దేవరాజు ఎడమ అద్దంలో చూస్తున్నాడు. పాకని మోసే నడిమి గుంజ, నిట్టాడి, విరిగి దూలంతో సహా వాలింది. అక్కడ కాయలు ఏరుతూ కూర్చున్న చిన్నమ్మి అనే ఆడమనిషి చీర ముడి బిగించుకుందామని అంతకు ముందే లేచి పక్కకి వెళ్ళింది. ఆమె కూర్చున్న పీట రెండు ముక్కలైంది.

బ్రేకు అందలేదని చెప్పి, దేవరాజు మధ్యాహ్నానికల్లా బండిని సైమన్ దుకాణం ముందు ఆపాడు. దిగుతూనే మొదలెట్టాడు.

"పరుపుల్లో పెట్టి కుట్టేసావు కదరా నన్ను. సవం పెట్టిలో కూకున్నట్టుంది. అదిగో, ఈ ముసలోడు సెయ్యి ఇరిగేలా కొట్టాడంట. ఇనబడితే గదా."

పాక సంగతీ, చిన్నమ్మి పీట సంగతీ కూర్మయ్య చెప్పాడు. తాను మూయించిన నోరు ఒక మనిషిని చంపేసేదే. సైమన్ మెల్లగా క్యాబిన్‌లోకి ఎక్కి అద్దం పైకెత్తి, ఇంజను నడుస్తుండగా కూర్మయ్యని కొట్టమని సైగ చేశాడు.

డబ్. డబ్.

మెత్తగా ఉంది, కానీ స్పష్టంగా వినబడింది. ఇంకోసారి కొట్టించుకున్నాడు. సందేహం లేదు, అటు తిరిగి పాట పాడుకుంటున్నా వినబడుతుంది.

"బావా, నువ్వొకపాలి ఎక్కు."

దేవరాజు ఎక్కాడు. మోచెయ్యి మెరూన్ రెక్సిను మీద ఆన్చి, ముందుకి చూస్తూ కూర్చున్నాడు. కూర్మయ్య కొట్టాడు. మూడుసార్లు కొట్టాడు. దేవరాజు ముందుకే చూస్తున్నాడు.

"కొట్టమను," అన్నాడు.

సైమన్ ఉలి తెచ్చి ఆ డోరు రెక్సిను చించేశాడు. పీచు లాగేశాడు. ముద్దని పెచ్చులు పెచ్చులుగా గీకాడు. గంట పట్టింది. రేకు మళ్ళీ తెల్లగా బయటపడింది.

"ఇప్పుడు కొట్టు తాతా."

"అదిగో, ఇప్పుడినబడింది," అన్నాడు దేవరాజు. మొహం తేటపడింది. "నాను సెప్పలేదా. నీ ముద్దే సేసింది ఇదంతా. రెండు కొట్టాడు. ఇప్పుడొకటి."

లెక్క సరిపోయింది. ఒక్కటీ తప్పలేదు. సైమన్ చూస్తున్నది బావ మొహాన్ని కాదు. కిటికీ అంచు మీంచి రేకుకి ఆనుకుని ఉన్న ఆ మోచేతిని. దెబ్బ పడ్డప్పుడల్లా రేకు అదిరి, ఆ చేతి మీద వెంట్రుకలు కదులుతున్నాయి. ఆ మోచెయ్యి ఆనిన చోటుకి సరిగ్గా కింద, తాను నున్నగా చేసిన చోటు.

"బావా, సెయ్యి ఒళ్ళో పెట్టుకో."

"ఏం?"

"పెట్టుకోమన్నాను గదా."

పెట్టుకున్నాడు. సైమన్ కూర్మయ్య వైపు తిరిగాడు. కూర్మయ్య కొట్టడానికి చెయ్యెత్తలేదు. నేల చూశాడు. సైమనే ఆ ఇనపముక్క లాక్కుని కొట్టాడు. ఎదురుగా టీ కొట్లో వాళ్ళు తలలెత్తి చూశారు.

దేవరాజు ముందుకి చూస్తూ ఎదురుచూస్తున్నాడు. పాఠం ఒప్పచెప్పే పిల్లాడిలాగ, ఒళ్ళో చేతులు పెట్టుకుని. కొంతసేపటికి ఆ ఎదురుచూపులోనే ఏదో తెలిసింది.

"కొట్టావా?"

"కొట్టాను బావా."

"ఎన్నిసార్లు?"

"నాలుగు."

దేవరాజు చేతిని మళ్ళీ రేకు మీద పెట్టలేదు. దాన్ని ముందూ వెనకా తిప్పి చూసుకున్నాడు, ఎవరిదో చెయ్యి చూసినట్టు.

చెప్పింది కూర్మయ్యే. అదీ దేవరాజుకి కనపడేలా ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదిలిస్తూ. అంటే అలా మాట్లాడ్డం అతనికి పాత అలవాటే.

"మూడేళ్ళయింది. ఎనక నుంచి కొడితే ఆగటం మానేసేవు. ఒకపాలి డోరు మీద కొడితే ఆగేవు. అప్పట్నుంచి అక్కడే కొడతన్నాను. నీకు తెలీలేదు. నాను సెప్పలేదు."

"ఎందుకు సెప్పలేదు మావా?"

"సెప్తే దిగిపోతావు. నువ్వు దిగిపోతే ఈ గుడ్డికన్నునెవులు ఎక్కించుకుంటారు. నీ సెవికి నా కన్నూ, నా కంటికి నీ సెవీ అన్నట్టు ఎలాగో ఎల్లిపోతందనుకున్నాను. ఈ నాయిన డోరు మెత్తగా సేత్తంటే ఒద్దన్నాను. ఎందుకొద్దో సెప్పలేకపోయాను."

ఇంజను నడుస్తూనే ఉంది. దేవరాజు తాళం తిప్పి ఆపేశాడు. ఆపి, తల ఒక పక్కకి వంచి, ఆ ఈలని వింటున్నట్టు కూర్చున్నాడు. రెండు రోజులు రబ్బర్లు మార్చి, కన్నాలు మూసి తాను వెతికింది దేన్నో సైమన్‌కి అర్థమైంది. ఆ ఈల లారీలో ఎక్కడా లేదు.

"ఇంజను హోరులో ఇది మునిగిపోయి ఉండేదిరా," అన్నాడు దేవరాజు. గొంతు మొదటిసారి తగ్గింది. "నువ్వు అన్నీ మూసేసి నాకు దీన్నొక్కదాన్నే మిగిల్చావు. పీకీ. మొత్తం పీకీ. కాళ్ళకింద బెల్టు కూడా. బండి నా ఒంటికి తెలియాల."

"పీకితే ఆ కాస్తా పోద్ది బావా. డాక్టరు అప్పకి..."

"ఏ కాస్తరా?"

అయినా సైమన్ అడిగాడు. "ఇంకా తోలతావా? పొద్దున్న ఆ చిన్నమ్మి..."

"తోలక. నీ దగ్గర కూకుని సూదిలో దారం ఎక్కించనా?"

పెదాలు చూసి అర్థం చేసుకున్నాడన్నమాట. చెవులు మూసుకున్నా, ఎదురుగా అన్న మాట అతనికి చేరుతుంది. జగదీశ్వరరావు గారి దగ్గరికి వెళ్ళి ఒక్క మాట చెబితే బావ బండి దిగాల్సిందే, దుకాణానికి ఆయన ఇల్లు ఫర్లాంగు దూరం. సైమన్ ఆ వైపు చూశాడు. కూర్మయ్య సైమన్ని చూస్తున్నాడు, మంచి కంటితోనూ పువ్వు పడ్డ కంటితోనూ. అప్ప నల్లటి వేళ్ళు గుర్తొచ్చాయి. విరిగిన పీట కళ్ళముందుంది. ఎటు చూసినా ఎవరో ఒకరున్నారు.

ఉలి తీసుకుని పైకప్పుతో మొదలెట్టాడు.

పది రోజులు చేసిన పని పీకడానికి మూడు గంటలు పట్టలేదు. కొబ్బరిపీచు పలకలుగా ఊడొచ్చింది. ఫెల్టు చిరిగింది. బెల్టుని ముగ్గురూ కలిసి బయటికి లాగారు. చివరికి లారీ పక్కన నడుమెత్తు కుప్ప పడింది. లోపల మళ్ళీ అదే చెక్క, అదే రేకు. డోరు లోపలి అట్ట బిగించబోతుంటే కూర్మయ్య వచ్చి, నున్నగా ఉన్న ఆ చోటు మీద చెయ్యి ఆడించాడు.

"గుర్తు పోయింది," అన్నాడు.

సైమన్ సుత్తి తీసుకుని, బయట నుంచి, తన చేత్తోనే ఆ చోట ఒక సొట్ట వేశాడు.

ఫ్యాక్టరీ వదిలారు. ఫ్లోరెన్స్ ఎప్పటిలాగే ఆ దారినే వచ్చింది, చేతిలో ఖాళీ క్యారేజీతో. కుప్పని చూసి ఆగింది.

"ఇదేట్రా, అంతా పీకీసేవు?"

"అది పనికిరాలేదప్పా. వేరే రకం వేత్తాను."

"ఏ రకం?"

సైమన్ దూలానికి వేలాడుతున్న ఆరు రేకు ముక్కల వైపు చూశాడు. ఫ్లోరెన్స్ జవాబు కోసం ఆగలేదు. దేవరాజు డ్రైవరు సీట్లో, అటు మొహం పెట్టి, మోచెయ్యి కిటికీ మీంచి రేకుకి ఆన్చుకుని కూర్చున్నాడు. ఆమె దగ్గరికి వెళ్ళి "ఏమయ్యా, ఇంటికి రావా" అని పిలిచింది. పలకలేదు. విసుగ్గా క్యారేజీ మూతతో డోరు మీద రెండు దెబ్బలు కొట్టింది.

దేవరాజు గభాల్న తల తిప్పి చూశాడు.

ఫ్లోరెన్స్ అలాగే ఉండిపోయింది, చేతిలో మూతతో. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. ఆ మొహంలో వెలుగు చూసి సైమన్ ఉలి కింద పెట్టేశాడు.

"సూసేవా తమ్ముడూ, పిలిత్తే తిరిగాడు. ఎన్నాళ్ళయిందో అలా తిరిగి. నువ్వేటి సేసేవోగానీ, పనిసేసిందిరా."

దేవరాజు కిటికీలోంచి సైమన్ని చూశాడు. కూర్మయ్య బీడీ కోసం జేబులు తడుముకుంటున్నాడు.

"ఈల ఒక్కటీ మిగిలిందప్పా," అన్నాడు సైమన్. "దాన్నీ సూత్తాను."

వంగి, నేల మీద చెదిరిన పీచు ముక్కలు ఏరడం మొదలెట్టాడు.